పత్రం చదవాలా, మాట్లాడాలా?

ప్రశ్న: నేను విశ్వవిద్యాలయంలో సాహిత్యం బోధిస్తున్నాను. కళలు, మానవీయ శాస్త్రాల అధ్యాపకుల సదస్సులో నా పరిశోధన గురించి 20 నిమిషాలు, బోధన గురించి 10 నిమిషాలు ప్రసంగించమన్నారు. పత్రం చూసి చదవడం పాతపద్ధతి అని కొందరు, స్లయిడ్లు లేనిదే ఎవరూ వినరని మరికొందరు అంటున్నారు. మీరేమంటారు?

జవాబు: పత్రం చదవడం తప్పు కాదు. మన శాస్త్రాల్లో వాదన బలం చాలావరకు పదాల ఎంపికలోనే ఉంటుంది కాబట్టి ఆ ఆచారం ఇంకా నిలిచి ఉంది. చిక్కల్లా అచ్చు కోసం రాసిన వ్యాసాన్ని ఉన్నదున్నట్టు చదవడంతోనే వస్తుంది. పాఠకుడు పుట వెనక్కి తిప్పి చూసుకోగలడు గాని, శ్రోతకు ఆ వీలు లేదు. అందువల్ల చెవికి అందేలా వాక్యాలను తిరగరాసి, మీ ప్రతిపాదనను మొదటి రెండు నిమిషాల్లోనే చెప్పి, పూర్వపరిశోధన సమీక్షను నాలుగైదు వాక్యాలకు కుదించండి. శ్రోతలు ఇతర విభాగాల వారు కూడా కనుక, మీ రంగంలో అందరికీ తెలిసిన వివాదమే అయినా దాన్ని ఒక్క మాటలో పరిచయం చేయక తప్పదు.

ఇక స్లయిడ్ల విషయానికొస్తే, కళాచరిత్రకారుడు హైన్రిక్ వోల్‌ఫ్లిన్ రెండు చిత్రాలను తెరమీద పక్కపక్కనే చూపిస్తూ పాఠం చెప్పేవారు. అక్కడ తెర అలంకారం కాదు, పోల్చి చూడడమే ఆయన వాదనా పద్ధతి. మీరు చర్చించే పద్యమో, గద్యభాగమో అందరి కళ్లెదుట ఉంటే చాలు, అది కాగితం మీద పంచినా సరే. మీరు పలికే వాక్యాలనే తెరమీద కూడా పెడితే శ్రోతలు వినడం మాని చదువుకుంటారు.

బోధన భాగాన్ని తేలిగ్గా తీసుకోకండి. కొత్త విషయాల ఆవిష్కరణ, వేర్వేరు రంగాల జ్ఞానాన్ని సమన్వయించడం, దాన్ని ఆచరణకు అన్వయించడం, వీటితో పాటు బోధనను కూడా పాండిత్యంగానే గుర్తించాలని అమెరికన్ విద్యావేత్త ఎర్నెస్ట్ బోయర్ 1990లో వాదించారు. అయితే ఆ గుర్తింపు దక్కాలంటే ఆధారం చూపాలి. విద్యార్థులు ఎంత ఉత్సాహంగా పాల్గొన్నారో చెప్పడం ఆధారం కాదు (ఆ మాట ప్రతి అధ్యాపకుడూ చెప్పుకుంటాడు). ఒక విద్యార్థి తొలిసారి రాసిన వ్యాఖ్యానాన్ని, మీ పాఠం తరువాత సవరించి రాసినదాన్ని, అనుమతి తీసుకుని పేరు తొలగించి, పక్కపక్కనే చూపండి. వీలైతే పరిశోధన భాగంలో చర్చించిన రచననే ఇక్కడా ఎంచుకోండి. దాన్ని మళ్లీ పరిచయం చేసే పని తప్పుతుంది, మిగిలిన సమయం ప్రశ్నలకు దక్కుతుంది.