ఫుట్‌నోట్లు చదివే బిడ్డకు ఏ దారి?

ప్రశ్న: నమస్తే సార్. మాది హనుమకొండ. యూనివర్సిటీ రోడ్డులో చిన్న జిరాక్స్, బైండింగ్ షాపు నడుపుతున్న. మా బిడ్డ బీఏ హిస్టరీ ఫైనల్ ఇయర్. రీసెర్చ్ స్కాలర్లు జిరాక్సుకు తెచ్చే లావు పుస్తకాలను షాపులోనే కూర్చుని చదువుడు అలవాటు చేసుకుంది. ఇప్పుడు గ్రూప్స్ కోచింగ్ వద్దు, బీఈడీ వద్దు, ఆసియా దేశాల చరిత్ర, సంస్కృతి మీద ఎంఏ, పీహెచ్‌డీ చేస్త, అట్లాంటి పుస్తకాలు రాస్త అంటున్నది. మా బామ్మర్ది 'పుస్తకాలు రాస్తే బువ్వ ఎవరు పెడతరు' అంటున్నడు. నాకూ టెన్షన్‌గానే ఉంది. ఈ చదువుకు ఉద్యోగం ఉంటదా? ఎట్ల ముందుకు పోవాలె?
– ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: మీ బామ్మర్ది అడిగింది అడగాల్సిన మాటే. అందుకే బువ్వ సంగతి ముందు తేల్చుకుందాం. పరిశోధన పుస్తకాలు రాసి ఎవరూ ఇల్లు కట్టుకోలేదు. యూనివర్సిటీ ప్రెస్ వేసిన చరిత్ర పుస్తకం కొన్ని వందల కాపీలు పోతే బాగా పోయినట్టే లెక్క. మీ షాపుకొచ్చే లావు పుస్తకాల మీద పేర్లున్నవాళ్లకు జీతం ఇంకెక్కడి నుంచో వస్తుంది. ఎక్కువమంది యూనివర్సిటీల్లో పాఠాలు చెప్పేవాళ్లు, కొందరు మ్యూజియాల్లో, పురావస్తు శాఖల్లో పనిచేసేవాళ్లు. కాబట్టి బిడ్డ 'పుస్తకాలు రాస్త' అంటే 'యూనివర్సిటీలో పాఠం చెప్త' అన్నట్టు వినండి. టెన్షన్ కొంచెం తగ్గుతుంది. కొంచెమే.

ఆ దారి ఇలా ఉంటుంది. ఎంఏలో 55 శాతం మార్కులు రావాలి (ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీలకు 50). తర్వాత లెక్చరర్ అర్హత పరీక్ష యూజీసీ నెట్ రాయాలి. అందులో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీ మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయల ఫెలోషిప్ వస్తుంది. ఇంటి అద్దె భత్యం వేరు. జేఆర్ఎఫ్ వయసు పరిమితి 30 ఏళ్లు, ఆడపిల్లలకు ఇంకో ఐదేళ్ల సడలింపు ఉంది. అంటే ఐదేళ్లు ఇంటిమీద భారం వేయకుండా, పదో పరకో ఇంటికే పంపుతూ చదవొచ్చు. అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగం వస్తే యూజీసీ స్కేలులో మూలవేతనం 57,700తో మొదలవుతుంది. అయితే మన రాష్ట్ర యూనివర్సిటీల్లో పర్మనెంట్ పోస్టుల నోటిఫికేషన్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూడటం ఎలా ఉంటుందో మీ షాపులో థీసిస్ బైండింగ్ చేయించుకునేవాళ్లను అడగండి. నాకంటే బాగా చెప్తారు. జేఆర్ఎఫ్ రాకుండా పీహెచ్‌డీలో చేరడం మాత్రం మీ ఇంటికి తట్టుకోలేని పని. ఈ ఒక్క షరతు బిడ్డతో ముందే మాట్లాడుకోండి.

ఇక అసలు విషయం. ఇది సాధారణంగా కోచింగ్ సెంటర్లలో ఎవరూ చెప్పరు. చరిత్ర పరిశోధనలో నిలబడేవాళ్లకు, మధ్యలో ఆగిపోయేవాళ్లకు నేను చూసిన పెద్ద తేడా భాష. ఇంగ్లీషు కాదు, మూలగ్రంథాల భాష.

కొన్నేళ్ల కింద ఓ అబ్బాయి ఒక పెద్ద యూనివర్సిటీ ఇంటర్వ్యూకు పోయి ముఖం వేలాడేసుకుని నా దగ్గరికి వచ్చాడు. ఓరుగల్లు మీద ఢిల్లీ సుల్తానుల దాడులే తన టాపిక్ అని బోర్డు ముందు చెప్పాడట. 'అమీర్ ఖుస్రో రాసింది చదివావా?' అని ఆ కాలపు ఢిల్లీ ఆస్థాన కవి పేరు చెప్పి అడిగారు. చదివానన్నాడు. 'ఏ భాషలో?' ఇలియట్, డౌసన్‌ల ఇంగ్లీషు అనువాదంలో. ఆ ఎనిమిది సంపుటాలు 1867–77 మధ్య వచ్చినవి. బ్రిటిష్ వాళ్లు తమకు కావాల్సిన ముక్కలు ఏరుకుని తర్జుమా చేయించుకున్నారని వాటి మీద పెద్ద విమర్శ ఉంది. బోర్డులో ఒకాయన 'మరి వదిలేసిన ముక్కల్లో ఏముందో నీకెలా తెలుస్తుంది బాబూ?' అన్నాడట. అబ్బాయి దగ్గర జవాబు లేదు. తెలివైన పిల్లాడే. పర్షియన్ రాదు, అంతే.

అదే ఖుస్రో 1309–10లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫుర్ ఓరుగల్లును ముట్టడించిన సంగతి రాస్తూ మన మట్టికోట ఎంత గట్టిదో చెప్తాడు. మంజనీకాలు (రాళ్లు విసిరే యంత్రాలు) వేసిన రాళ్లు తగిలినా, పిల్లలు ఆడుకునే గింజల్లా వెనక్కి ఎగిరొచ్చేవట. మీ బిడ్డ ఆ మాట చదివి ఖిలా వరంగల్ బస్సెక్కి ఆ మట్టికట్ట మీద నిలబడొచ్చు. ప్రపంచంలో ఈ టాపిక్ మీద పనిచేసే చాలామందికి లేని సౌకర్యం అది. దానికి తోడు పర్షియన్ కూడా వస్తే ఆమెను వెనక్కి పంపే బోర్డు ఉండదు. మన ఊళ్లలో పిల్లల చెవికి ఉర్దూ కొత్త కాదు. ఉర్దూ లిపి నేర్చుకుంటే పర్షియన్ లిపి దాదాపు వచ్చినట్టే. హైదరాబాద్‌లో మౌలానా ఆజాద్ ఉర్దూ యూనివర్సిటీలోనూ, ఉస్మానియాలోనూ పర్షియన్ విభాగాలున్నాయి.

'ఆసియా చరిత్ర' అంటే ఎక్కడో చైనా, జపాన్ అనుకుని కంగారుపడకండి. కాకతీయ గణపతిదేవుడు 1244లో ఆంధ్ర తీరంలోని మోటుపల్లి రేవులో ఒక అభయశాసనం వేయించాడు. అంతకుముందు రాజులు తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాగేసుకునేవాళ్లు, మేం న్యాయమైన సుంకం తప్ప ఏమీ తీసుకోం అని సముద్ర వ్యాపారులకు మాటిచ్చాడు. సుంకాల పట్టీలో గంధం, ముత్యాలతో పాటు చైనా కర్పూరం కూడా ఉంది. ఓరుగల్లు పాలకుడి శాసనంలో చైనా కర్పూరం! మార్కోపోలో ఈ సీమనే ముత్ఫిలి అని రాశాడు. ఆసియా చరిత్ర మీ ఇంటి దగ్గరే మొదలవుతుందని బిడ్డకు చెప్పండి. ఆమెకు తెలిసే ఉంటుంది లెండి.

అయితే చైనా, జపాన్ చరిత్రే చదవాలనుకుంటే లెక్క వేరు. చైనీస్ పేపర్ చదవాలంటే రెండు మూడు వేల అక్షరాలు రావాలి. పాత చైనీస్ మళ్లీ వేరే చదువు. మూడు నాలుగేళ్లు భాషకే పోతాయి. జేఎన్‌యూలో చైనీస్, జపనీస్, కొరియన్, పర్షియన్ అన్నిటికీ కేంద్రాలున్నాయి. ఢిల్లీ యూనివర్సిటీలో తూర్పు ఆసియా అధ్యయనాల విభాగం, శాంతినికేతన్‌లో 1937 నుంచి నడుస్తున్న చీనా భవన్, రాజ్‌గిర్‌లో నలందా యూనివర్సిటీ ఉన్నాయి. భాష కోసం తైవాన్ ప్రభుత్వం హువాయు స్కాలర్‌షిప్, జపాన్ ప్రభుత్వం మెక్స్ట్ స్కాలర్‌షిప్ ఇస్తాయి. నన్నడిగితే మాత్రం మీ అమ్మాయికి మొదటి భాష పర్షియన్ కావాలి, లేదంటే సంస్కృతంతో పాటు పాత తెలుగు లిపి. ఇంటి దగ్గర పట్టు సంపాదించి దూరం పోవడం తేలిక.

ఇష్టం నిజమా, మోజా అన్నది తేల్చే పరీక్ష ఇంట్లోనే పెట్టొచ్చు. కాకతీయుల మీద రెండు పుస్తకాలు తీసుకోమనండి. ఒకటి 1978లో వచ్చిన పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారి 'ది కాకతీయాస్ ఆఫ్ వరంగల్'. రెండోది సింథియా టాల్బట్ రాసి ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ 2001లో వేసిన 'ప్రీకలోనియల్ ఇండియా ఇన్ ప్రాక్టీస్'. శాస్త్రి గారు శాసనాలు చదివే పండితుడు, రాజవంశం కథను శాసనాలతో కట్టారు. టాల్బట్ అవే శాసనాలు పట్టుకుని గుడికి, చెరువుకు దానాలిచ్చిన మామూలు జనం ఎవరని వెతికింది. రెడ్డి, సెట్టి, బోయ, నాయక లాంటివి అప్పట్లో ఇప్పటిలా పుట్టుకతో వచ్చే కులాలు కావు, హోదా, పని తెలిపే బిరుదుల్లాంటివని ఆమె వాదన. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, సాక్ష్యం చూడకుండా కొట్టిపారేయలేం.

సాక్ష్యం ఎక్కడుంటుంది? పేజీ అడుగున ఫుట్‌నోట్‌లో. 'ఐఏపీ–డబ్ల్యూ' అని పొడి అక్షరాలు, పక్కన ఒక నంబరు కనిపిస్తాయి. అంటే 1974లో వచ్చిన వరంగల్ జిల్లా శాసనాల సంపుటంలో ఆ నంబరు శాసనం. బిడ్డ ఆ సంపుటం వెతికి, ఆ నంబరు తెరిచి, తెలుగులో ఉన్న శాసనాన్ని తనే కూడబలుక్కుని, రచయిత చెప్పిన అర్థం అందులో ఉందో లేదో చూడాలి. చూసి రెండు పేజీలు రాయాలి. యూనివర్సిటీ లైబ్రరీలో అడగండి, హనుమకొండలోనే 1904 నుంచి ఉన్న రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయంలోనూ అడగండి. ఇలా మూడు ఫుట్‌నోట్లు విసుక్కోకుండా వెంటపడితే ఆమె పనికొస్తుంది. ఒకదానికే ఆవలింతలు వస్తే గ్రూప్స్ పుస్తకాలు కొనివ్వండి, అందులో తప్పేం లేదు.

ఇంగ్లీషు పుస్తకాల్లో పేర్ల కింద చుక్కలు, పైన గీతలు చూసి పిల్లలు బెదురుతారు. ఇంగ్లీషు లిపికి త, ట తేడా తెలియదు. ఇది ట అని చెప్పడానికే ఆ చుక్క. మనకు ఆ తేడా అ ఆలతోనే వచ్చింది. అమెరికా విద్యార్థి మొదటి ఏడాదంతా కుస్తీ పట్టే చోట మన పిల్లలు ఒక్క పూటలో దాటిపోతారు.

పుస్తకాల ధర సంగతి మీకు చెప్పక్కర్లేదు. విదేశీ ప్రెస్సుల గట్టి అట్ట పుస్తకాలు వేలల్లో ఉంటాయి. మీ వృత్తికి సంబంధించిన మాట కాబట్టి ఒకటి గుర్తుచేస్తాను. ఢిల్లీ యూనివర్సిటీలోని జిరాక్స్ షాపు మీద మూడు పెద్ద పబ్లిషింగ్ సంస్థలు 2012లో కేసు వేస్తే, చదువు కోసం కోర్స్ ప్యాకులు (పుస్తకాల్లోంచి పాఠాలకు కావాల్సిన పేజీలు తీసి కట్టినవి) తీయడం కాపీరైట్ చట్టం ఇచ్చిన మినహాయింపులోకి వస్తుందని 2016లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. దాన్ని పట్టుకుని పుస్తకాలకు పుస్తకాలు తీసి అమ్మొచ్చని కాదు! బిడ్డకు మాత్రం వేరే మార్గాలున్నాయి. 2025 జనవరి నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద ప్రభుత్వ విద్యాసంస్థలకు సుమారు 13,000 పరిశోధన పత్రికలు అందుబాటులోకి వచ్చాయి. లైబ్రేరియన్‌ను అడిగి లాగిన్ తీసుకోమనండి. దేశంలో వచ్చిన పీహెచ్‌డీ థీసిస్‌లు చాలావరకు శోధ్‌గంగ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. తను అనుకున్న టాపిక్ మీద ఇప్పటికే ఎవరైనా చేశారేమో అక్కడే చూసుకోవాలి.

యూనివర్సిటీ ఉద్యోగం ఆలస్యమైతే? ఈ చదువు పనికొచ్చే చోట్లు ఇంకా ఉన్నాయి. గ్రేటర్ నోయిడాలో కేంద్ర పురావస్తు శాఖ నడిపే సంస్థలో ఆర్కియాలజీలో రెండేళ్ల పీజీ డిప్లొమా ఉంది. ఆ శాఖకే మైసూరులో శాసన విభాగం, నాగపూర్‌లో అరబిక్, పర్షియన్ శాసనాల విభాగం ఉన్నాయి. నేను పర్షియన్ నేర్చుకోమన్నది ఊరికే కాదు. పరిశోధన పుస్తకాలు వేసే ఓరియంట్ బ్లాక్‌స్వాన్ కేంద్ర కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. అలాంటి సంస్థల్లో ఎడిటర్లకు చరిత్ర, భాష రెండూ తెలిసి ఉండాలి. జీతం సాఫ్ట్‌వేర్‌లా ఉండదు, కానీ పని చేతిలో ఉంటుంది. గురుకులాల్లో పీజీటీ, జూనియర్ లెక్చరర్ పోస్టులు ఎలాగూ ఉంటాయి. పీజీటీకి బీఈడీ కావాలి కాబట్టి ఆ మాటను మీ బామ్మర్ది కోసం పక్కన పెట్టుకోండి, ఎంఏ తర్వాత చూద్దాం.

విదేశం మాట వస్తే ఒక జాగ్రత్త. ఎస్సీ తదితర వర్గాలకు కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌లో భారత చరిత్ర, సంస్కృతి మీద పరిశోధన టాపిక్‌లను 2022లో మినహాయించారు. మీరు ఆ వర్గమైతే, దరఖాస్తు పెట్టే ఏడాది నోటిఫికేషన్ చూశాకే టాపిక్ ఖాయం చేసుకోవాలి.

ఇప్పుడు చేయాల్సింది: కేంద్ర యూనివర్సిటీల పీజీ ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ నోటిఫికేషన్ మీద కన్నేసి హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, జేఎన్‌యూ, ఢిల్లీ మూడింటికీ హిస్టరీ పెట్టించండి. కాకతీయ యూనివర్సిటీ ఎంఏ కోసం రాష్ట్ర పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ కూడా రాయించండి. సీటు ఇక్కడే వచ్చినా నష్టం లేదు, శాసనాలు ఇక్కడే ఉన్నాయి. ఈ ఎండాకాలంలోనే ఉర్దూ లిపి మొదలుపెట్టించండి, నెల రోజుల పని. ఆ రెండు పుస్తకాలు మాత్రం స్పైరల్ వేయకండి. రెండేళ్లు రోజూ తిప్పితే ఆగదు, ఆ సంగతి మీకు నేను చెప్పాలా.