గోల్ఫ్‌లో స్లైస్ తగ్గాలంటే ఏ డ్రైవర్ కొనాలి?

9 డిగ్రీల డ్రైవర్‌తో (దూరం కొట్టే పెద్ద గోల్ఫ్ కర్ర) బంతి ప్రతిసారీ స్లైస్ అయి, అంటే కుడివైపుకు వంగి, చెట్లలోకే పోతోంది, కొత్తది కొనాలా అని అడిగారు కదండీ, కొనండి, కానీ ముందు లాఫ్ట్, అంటే బంతికి తగిలే ముఖం వెనక్కి వాలిన కోణం, చూసుకోండి. మీ స్వింగ్ వేగం గంటకు 85 మైళ్లే అంటున్నారు, దానికి 9 డిగ్రీలు చాలా తక్కువ. 10.5 గానీ 12 గానీ తీసుకుంటే బంతి తేలిగ్గా లేస్తుంది, పక్కకు వంగడమూ తగ్గుతుంది. షాఫ్ట్ (కర్ర కాడ) రెగ్యులర్ ఫ్లెక్స్, అంటే మామూలుగా వంగేది చాలు.

హెడ్ (కర్ర చివరి తల భాగం) 460 సీసీ ఉండేలా చూడండి, రూల్స్ ఒప్పుకునే పెద్ద సైజు అదే. 2024లో వచ్చిన పింగ్ జీ430 మ్యాక్స్ 10కె లాంటి వాటిలో బరువు బాగా వెనక్కి ఉంటుంది, అందుకే బంతి మధ్యలో తగలకపోయినా హెడ్ అంతగా మెలితిరగదు, దూరం కూడా పెద్దగా తగ్గదు. సెకండ్‌హ్యాండ్‌లో వెతకండి. స్లైస్ మరీ ఎక్కువైతే మాత్రం మడమ వైపు (హెడ్‌లో షాఫ్ట్‌కు దగ్గరగా ఉండే వైపు) బరువుండే జీ430 ఎస్ఎఫ్‌టీ నయం.

డబ్బు పెట్టే ముందు ఒక్క పని చేయండి: పాత డ్రైవర్ ముఖం మీద ఫుట్ పౌడర్ స్ప్రే కొట్టి పది బంతులు ఆడండి. తెల్లటి పొడిలో మచ్చలు అటూ ఇటూ చెదిరి ఉంటే, గ్రిప్‌ని ఒక అంగుళం కిందకు పట్టుకుని మళ్లీ కొట్టి చూడండి. నాకైతే మచ్చలన్నీ మధ్యకి చేరాయి. మీకూ అలా వస్తే, కొత్తదానికి పొట్టి షాఫ్టే వేయించుకోండి.