డీజిలు బండి అన్నావట, ఒక్కసారి ఆగు

ఒరేయ్ చిన్నోడా,

ఉద్యోగం మానేసి మినీ ట్రక్కు కొంటున్నావని వదిన ఫోన్లో చెప్పింది. సొంత బండి అంటే మాటలా, మీ నాన్న ఉంటే ఊరంతా చెప్పుకుని తిరిగేవాడు. కానీ "డీజిలే తీసుకుంటాడట, మైలేజీ ఎక్కువట" అనేసరికి నాకు నిద్ర పట్టలేదు. మీ మామయ్య బండి నడిపినన్నాళ్లూ లెక్కల పుస్తకం రాసింది నేనేరా, కాస్త విను.

ఇన్సూరెన్సు, ఫిట్‌నెస్ ఏ బండికైనా తప్పవు, వదిలెయ్.

డీజిలు చవకన్నది పాతమాట. 2012లో పెట్రోలుకీ డీజిలుకీ లీటరు మీద ముప్ఫై రూపాయల దాకా తేడా ఉండేది. 2014 అక్టోబరులో డీజిలు ధరను కూడా మార్కెట్‌కి వదిలేశారు, ఆ తేడా తర్వాత పన్నెండు రూపాయల దగ్గరికి దిగింది. నువ్వు వేసేది విజయవాడ సందుల్లో వాటర్ టిన్నులు. రోజుకి 50 కిలోమీటర్లు, నెలకి 25 రోజులు అనుకో. పెట్రోలు 109, మైలేజీ 16. డీజిలు 97, మైలేజీ 20 వేసుకో. నెలకి మిగిలేది 2,450. డీజిలు బండికి లక్షా ఇరవై వేలు ఎక్కువ పెడితే, అది తిరిగి రావడానికి నాలుగేళ్లు, వడ్డీ కలపకుండానే! అదే రోజుకి 150 తిరిగేవాడికైతే ఏడాదిన్నర లోపే వచ్చేస్తుంది, వాడు డీజిలు కొనుక్కోవాల్సిందే. షోరూం వాడు చెప్పిన అంకెలు పెట్టి నువ్వే మళ్లీ వేసి చూడు.

మీ మామయ్య చేసిన తప్పు ఒకటి చెప్పాలి. నాలుగు రూపాయలు తగ్గుతుందని ఎవరో డబ్బాల్లో తెచ్చి అమ్మే డీజిలు పోయించేవాడు. వద్దంటే వింటేనా! సరిగ్గా మిర్చి సీజన్లో, గుంటూరు యార్డుకి లోడు ఎత్తే రోజుల్లో ఇంజనుకి డీజిలు అందించే పంపు, ఇంజెక్టర్లు రెండూ పోయాయి. బండి ఆటోనగర్ షెడ్డులో నిలబడింది. రిపేరు బిల్లు ఒక వాత, అంతకన్నా పెద్ద వాత బండి ఆగిన రోజులది. కిరాయిలు వేరేవాళ్లకి పోయాయి, వాయిదా మాత్రం ఆగలేదు, నా గాజులు తాకట్టుకి వెళ్లాయి. ఆయన పుస్తకంలో డీజిలు ఖర్చే రాయమనేవాడు. ఆ నెల నుంచి "ఆగిన రోజులు" అని నేనే ఇంకో గడి గీశాను. పాపం, ఆ గడి చూసినప్పుడల్లా తల దించుకునేవాడు, ఇప్పుడు తలుచుకుంటే జాలేస్తుంది.

ఇప్పటి బీఎస్6, అంటే పొగ కాలుష్యం తగ్గించే రూలు ప్రకారం చేసిన డీజిలు బళ్లలో పొగ గొట్టం దగ్గర మసి పట్టే ఫిల్టరు ఉంటుంది. బండి కాసేపు ఆగకుండా వేడిగా పరిగెత్తితేనే ఆ మసి కాలేది. ఇంటింటికీ టిన్ను దించి ఇంజను ఆపేస్తుంటే ఎప్పుడు కాలాలి? మీటరులో లైటు వెలిగినా పట్టించుకోకపోతే పికప్ చస్తుంది, కాలని డీజిలు ఇంజనాయిల్లో కలుస్తుంది. ఆయిలు కొలిచే పుల్ల, అదే డిప్‌స్టిక్, తీసి చూస్తే ఆయిలు పెరిగి ఉందనుకో, సంబరపడకు, వాసన చూడు.

ఇక అసలు టెన్షన్. డీజిలు కొన్నాక పెట్టింది రాబట్టాలని కిలోమీటర్లు వెతుక్కుంటావు. రాత్రిపూట హైదరాబాద్ లోడు ఉందంటారు, సరే అంటావు, పగలంతా టిన్నులు మోసిన ఒళ్లు తెల్లవారుజామున మూడింటికి ఏం మాట వింటుందిరా? మామయ్య తిరిగొచ్చేదాకా గేటు చప్పుడు కోసం కూర్చున్నదాన్ని, వదిన కూడా అలా కూర్చోవడం నాకిష్టం లేదు.

నా మాట పెట్రోలే, లేదంటే మీ ఏరియాలో బంకు దగ్గర క్యూ చూసొచ్చి సీఎన్‌జీ. ముందు వారం రోజులు అద్దె బండి తిప్పి మీటరు రాసుకో, తర్వాత రెండు కొటేషన్లూ ఫొటో తీసి నాకు పంపు. అప్పటిదాకా అడ్వాన్సు కట్టావో, చెవి మెలేస్తాను.

మీ అత్త