క్లోరిన్ బిళ్ళలు ఎన్ని వేసినా పూల్ పచ్చబడుతుంటే

క్లోరిన్ బిళ్ళలు మానకుండా వేస్తున్నా నీళ్ళు పచ్చబడుతున్నాయి, ఇంకా పెంచాలా అని అడిగారు. పెంచకండి. శామీర్‌పేట దగ్గర మా తోటలో పూల్ కట్టించిన మొదటి వేసవిలో మేం చేసిన పొరపాటు అదే.

మాది 40 వేల లీటర్ల పూల్. కట్టినాయన రోజూ బిళ్ళలు వేయమన్నాడు, వేశాం. ఏప్రిల్‌కల్లా గోడలు జిగురు పట్టాయి, నీళ్ళేమో పాలకూర ఉడికించినట్టు ఉన్నాయి.

ఆ బిళ్ళల్లో (వాటి మందు పేరు ట్రైక్లోరో ఐసోసయనూరిక్ యాసిడ్, టీసీసీఏ అంటారు) క్లోరిన్‌తో పాటు సయనూరిక్ యాసిడ్ కూడా ఉంటుంది. ఎండకు క్లోరిన్ ఎగిరిపోకుండా అదే కాపాడుతుంది, 30-50 పీపీఎం (పది లక్షల పాళ్ళ నీళ్ళలో అన్ని పాళ్ళు) ఉంటే మంచిదే. చిక్కేంటంటే క్లోరిన్ ఖర్చయిపోతుంది, ఇది నీళ్ళలోనే ఉండిపోతుంది. 10 పీపీఎం క్లోరిన్ వేస్తే 6 పీపీఎం దాకా ఇది చేరుతుంది. మితిమీరితే టెస్టులో క్లోరిన్ కనబడుతుంది కానీ పాచిని చంపలేదు.

ఈ సయనూరిక్ ఎంతుందో చూడ్డానికి టెస్ట్ కిట్‌లో అడుగున నల్ల చుక్క ఉన్న గొట్టం ఉంటుంది. కిట్‌లోని మందు కలిపిన పూల్ నీళ్ళు పోస్తూ పైనుంచి చూడాలి, చుక్క మాయమైన చోట ఉన్న అంకే లెక్క. ఎంత త్వరగా మాయమైతే అంత ఎక్కువ ఉన్నట్టు. మాకు కాస్త పోయగానే మాయమైంది. గీతలేమో 100 వరకే! సగానికి సగం మంచినీళ్ళు కలిపి మళ్ళీ చేస్తే 70 వచ్చింది, అంటే అసలు 140.

దీన్ని దించడానికి నీళ్ళు మార్చడమే మార్గం. 25 వేల లీటర్లు తోడించి, ఐదు ట్యాంకర్లు పోయించా. మా బోరు నీళ్ళు పోస్తే టైల్స్‌కి తెల్లటి ఉప్పు పొర కడుతుంది, అందుకే డబ్బు పోయినా ట్యాంకరే అనుకున్నా. సయనూరిక్ 50కి దిగింది. పీహెచ్ (నీళ్ళ ఆమ్ల, క్షార గుణం కొలత) 8.2 ఉంటే, పంపు నడుస్తుండగా యాసిడ్ (సయనూరిక్ కాదు, పీహెచ్ దించేది) కొద్దికొద్దిగా పోస్తూ 7.4కి తెచ్చా. యాసిడ్‌ని నీళ్ళలో పోయాలి, నీళ్ళని యాసిడ్‌లో కాదు.

ఇప్పుడు సాయంత్రం ఎండ తగ్గాక లిక్విడ్ క్లోరిన్ పోస్తున్నాం. 10 శాతంది 400 మి.లీ. పోస్తే మా పూల్‌లో 1 పీపీఎం పెరుగుతుంది. బిళ్ళలు మేం ఊరెళ్ళినప్పుడే వేస్తాం. వాటిని మాత్రం బ్లీచింగ్ పౌడర్‌తో ఒకే డబ్బాలో కలపకండి, మంటలు లేస్తాయి.