టెక్ సందేహాలు: ఉద్యోగంలో విరామాన్ని లింక్డిన్‌లో ఎలా చూపాలి?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస. విశాఖలో ఆరేళ్లు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం చేశాను. 2022లో నాన్నగారికి పక్షవాతం రావడంతో మానేసి ఇంటికి వచ్చాను. ఇప్పుడాయన కర్ర ఊతంతో నడుస్తున్నారు. నేను మళ్లీ ఉద్యోగం వెతుక్కుంటున్నాను. లింక్డిన్‌లో పాత ఉద్యోగం చివరి తేదీని కాస్త ఇటీవలికి జరిపేస్తే ఎవరికీ తెలియదని స్నేహితురాలు అంటోంది. జరపవచ్చా? ఈ మధ్యలో నేను చేసిందల్లా పలాసలో మా మేనమామ జీడిపప్పు వ్యాపారం లెక్కలు ఎక్సెల్‌లో చూడటమే. ఎన్ని బస్తాల పిక్కలు వచ్చాయి, గుండ్లు (విరగని పప్పు) ఎన్ని, బద్దలెన్ని దిగాయి, తేడా ఎక్కడ వచ్చింది, అంతే.

జవాబు: జరపకండి. తప్పొప్పుల సంగతి అటుంచండి, ముందు దొరికిపోతారు. కొత్త కంపెనీ రిలీవింగ్ లెటర్ (పాత కంపెనీ మిమ్మల్ని వదిలిన తేదీతో ఇచ్చే ఉత్తరం) అడుగుతుంది. చాలాచోట్ల పీఎఫ్ వివరాలూ చూస్తారు. మీ 12 అంకెల యూఏఎన్ (పీఎఫ్ సభ్యులకిచ్చే శాశ్వత సంఖ్య) కింద సర్వీస్ హిస్టరీలో ఎప్పుడు చేరారో, ఎప్పుడు మానేశారో తేదీలతో సహా ఉంటుంది. ఏ నెలలో జమ ఆగిందో పాస్‌బుక్ చెబుతుంది. రెండు తేదీలకూ పొంతన కుదరకపోతే మీరు నిజంగా చెమటోడ్చిన ఆ ఆరేళ్లనూ అనుమానిస్తారు.

విరామాన్ని చూపడానికి లింక్డిన్ 2022లోనే ప్రత్యేకంగా చోటు కల్పించింది. మీ ప్రొఫైల్‌లో ‘యాడ్ ప్రొఫైల్ సెక్షన్’ నొక్కి, ‘కోర్’ కింద ‘యాడ్ కెరీర్ బ్రేక్’ ఎంచుకోండి. విరామం రకం అడుగుతుంది. మీకు సరిపోయేది ‘కేర్‌గివింగ్’, అంటే ఇంట్లోవారి సంరక్షణ. నెల, సంవత్సరం ఇస్తే అది ఉద్యోగాల వరుసలోనే కనిపిస్తుంది. సేవ్ చేసే ముందు ‘నోటిఫై నెట్‌వర్క్’ మీట ఆపి ఉందో లేదో చూసుకోండి. లేకపోతే మీ పాత సహోద్యోగులకు కబురు వెళ్లవచ్చు.

ఇక వివరణ. ‘కుటుంబ సభ్యుల సంరక్షణ కోసం విరామం తీసుకున్నాను, ఇప్పుడు పూర్తికాల ఉద్యోగానికి సిద్ధం’ అన్న అర్థంలో ఒక్క వాక్యం చాలు. నాన్నగారి జబ్బు, ఆస్పత్రి, మందులు అక్కడ రాయకండి. అవి ఆయన సొంత విషయాలు. ‘ఇంటికి సీఈవో’ లాంటి బిరుదులూ వద్దు. అలాంటివి చూసినప్పుడల్లా నాకు నవ్వు రాదు, జాలేస్తుంది.

మీరు ‘అంతే’ అని తేల్చేసిన జీడిపప్పు లెక్కల దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. 80 కిలోల పిక్కల బస్తాకు ఎంత పప్పు దిగాలి, నిజానికి ఎంత దిగింది, తేడా గుండ్లలో వచ్చిందా, బద్దలలోనా? టెస్టింగ్‌లో మీరు ఆరేళ్లు నింపిన పట్టికలోనూ ఉన్నవి ఆ రెండు గడులే కదా: రావలసిన ఫలితం, వచ్చిన ఫలితం. దీన్ని వివరణలో రెండో వాక్యంగా రాయండి. ఎన్ని నెలలు చూశారో, ఏ ఫార్ములాలు, పివట్ టేబుళ్లు వాడారో చెప్పండి. వాడనివి చేర్చకండి, ఇంటర్వ్యూలో మొదటి ప్రశ్న దాని మీదే పడుతుంది. మేనమామగారు ఒప్పుకుంటే, పేర్లు, ధరలు తీసేసిన ఒక నమూనా షీటు జతచేయండి.

పేరు కింద ఉండే హెడ్‌లైన్‌కు 220 అక్షరాల వరకు వీలుంది. అక్కడ విరామం ఊసు వద్దు, ‘సాఫ్ట్‌వేర్ టెస్టర్’ అని మొదలుపెట్టండి. ఉద్యోగం వెతుకుతున్నట్టు తెలిపే ‘ఓపెన్ టు వర్క్’లో ‘రిక్రూటర్స్ ఓన్లీ’ (ఉద్యోగాలిచ్చేవారికి మాత్రమే) ఎంచుకుంటే ఫొటో చుట్టూ ఆకుపచ్చ చట్రం రాదు. మీరిప్పుడు ఏ కంపెనీలోనూ లేరు కాబట్టి అందరికీ కనిపించేలా పెట్టుకున్నా నష్టం లేదు.

ప్రశ్న: నేను బొబ్బిలి నుంచి రాస్తున్నాను. ప్రొఫైల్ మార్చిన రెండో రోజే ఉద్యోగం వచ్చిందంటూ టెలిగ్రామ్‌లో సందేశం వచ్చింది. రిజిస్ట్రేషన్‌కు 1,500 రూపాయలు కట్టమంటున్నారు.

జవాబు: కట్టకండి. ఇది మోసమే. ఇప్పటికే కట్టి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి.