మా వాడు నీటి సరఫరా లైన్‌లోకి వెళ్తానంటున్నాడు, పంపొచ్చా?

ఒక నాన్నగారు అడిగారు: "మా వాడు సివిల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు నీటి సరఫరా మీద చేస్తాడంట, ఉద్యోగం కూడా అందులోనే చూసుకుంటాడంట. మేమేమో ఈలోపు కోడింగ్ కోర్సుకి ఫీజు కట్టేశాం. వాల్వులు తిప్పడానికీ పైపులు అతికించడానికీ ఇంజనీరింగ్ చదవాలా అండీ? పైగా వాడికి కెమిస్ట్రీ అంటే భయం. ఏం చెయ్యమంటారు?"

అండీ, ముందు ఆ వాల్వు సంగతే చూద్దాం. పెద్ద లైన్‌లో నీళ్లు జోరుగా పోతున్నప్పుడు వాల్వుని గబుక్కున మూసేస్తే ప్రెషర్ ఒక్కసారిగా పైకి లేస్తుంది, వాటర్ హ్యామర్ అంటారు దాన్ని, స్టీల్ పైపులో నీళ్లు సెకనుకి ఒక్క మీటరు స్పీడులో పోతున్నా సరే, అమాంతం ఆపేస్తే దగ్గర దగ్గర 100 మీటర్ల నీటి ఎత్తుకి సమానమైన ప్రెషర్ అదనంగా వచ్చి పడుద్ది, అంటే సుమారు 10 బార్. జాయింట్లు ఊడిపోవచ్చు, పైపే పగలొచ్చు. కరెంటు పోయి పంపు టక్కున ఆగినా ఇదే గొడవ. అందుకే ఏ వాల్వు ముందు, ఏది తర్వాత, ఎంత నిదానంగా అనేదానికి ఒక లెక్క ఉంటుంది, ఆ లెక్క వేసేవాడే మీరడిగిన ఇంజనీరు.

ఇక అసలు విషయం. సివిల్ పిల్లలు ఈ ఫీల్డ్ అనగానే డిజైన్ అనుకుంటారు, ఏసీ రూములో కూర్చుని పైపు సైజులు తేల్చడం, డ్రాయింగులు గీయడం. అది ఉంది, కాదనను. కానీ లైన్ వేయడం రెండు మూడేళ్లలో అయిపోతుంది, ఆ తర్వాత యాభై ఏళ్లో అంతకన్నా ఎక్కువో దాన్ని నడపాలి కదా, మనుషుల అవసరం అక్కడే ఎక్కువ. నన్నడిగితే మీవాడు మొదటి రెండు మూడేళ్లు ఆపరేషన్ మెయింటెనెన్స్‌లోనే పనిచేయాలి, డిజైన్ తర్వాత ఎటూ పోదు. నడిపినవాడు గీసిన డ్రాయింగ్‌లో వాల్వు చేతికందే చోట ఉంటుంది, లైన్ ఎత్తుగా ఉన్న చోట గాలి పోవడానికి ఎయిర్ వాల్వు ఉంటుంది, లోతట్టు చోట కడగడానికి స్కవర్ వాల్వు ఉంటుంది. నడపనివాడి డ్రాయింగ్‌లో ఇవి కాగితం మీద ఉంటాయి, సైట్‌లో వాటి పక్కకి మనిషి దిగే జాగా ఉండదు.

నడపడం అంటే రోజూ పంపు స్విచ్ వేయడమేగా అనుకోకండి. ఫ్నామ్‌పెన్ సంగతి చెప్తా, కంబోడియా రాజధాని. యుద్ధాలు అయిపోయాక 1993లో అక్కడ వాటర్ సప్లై సంస్థని ఎక్ సొన్ చాన్ అనే ఆయన చేతికిచ్చారు. అప్పటికి ఊళ్లోకి వదిలిన నీళ్లలో 70 శాతం పైన లెక్కలోకి రాకుండా పోయేవి, కొంత లీకు, కొంత దొంగ కనెక్షన్లు, కొంత బిల్లే లేకుండా వాడుకునే పెద్దమనుషులు. మీటర్లు పెట్టారు, కనెక్షన్ల రికార్డు మళ్లీ మొదటి నుంచి రాసుకొచ్చారు, బిల్లు కట్టనివాళ్లు ఎంత పెద్దవాళ్లయినా లైన్ కట్ చేశారు, పాత పైపులు మార్చారు. పదిహేనేళ్లు తిరిగేసరికి ఆ నష్టం 6 శాతం దగ్గరికి దిగింది, 24 గంటలూ నీళ్లొచ్చాయి, మధ్యలో 2006లో ఆయనకి రామన్ మెగసెసే అవార్డు కూడా వచ్చింది. ఆ జాబితాలో డిజైన్ పని ఎంతుందో, మేనేజ్‌మెంట్ పని ఎంతుందో మీరే చూడండి.

ఇలా లెక్కలోకి రాని నీళ్లని నాన్ రెవెన్యూ వాటర్ అంటారు, ఎన్‌ఆర్‌డబ్ల్యూ అని. మీవాడికి నేనైతే ఈ ఒక్క టాపిక్ పట్టుకోమంటా. ఎందుకంటే రోడ్డు మీద ఎగజిమ్మే లీకుని ఎవరో ఒకరు ఫోన్ చేసి చెప్తారు, గంటల్లో ఆపేస్తారు, నేల కింద సన్నగా కారే లీకు మాత్రం ఎవరికీ కనిపించక నెలల తరబడి పోతూనే ఉంటుంది, నష్టంలో ఎక్కువ భాగం చాలాచోట్ల దానిదే. దాన్ని పట్టుకోవడానికి ఊరిని చిన్న చిన్న జోన్లుగా వాల్వులతో వేరుచేసి, ఒక్కో జోన్‌లోకి నీళ్లొచ్చే చోట మీటరు పెడతారు, వీటినే డీఎంఏలు అంటారు. రాత్రి 2 నుంచి 4 మధ్య జనం వాడకం బాగా తక్కువ కాబట్టి ఆ టైమ్‌లో కూడా మీటరు గట్టిగా తిరుగుతోందంటే ఎక్కడో కారుతోందన్నమాట. (మేడమీద ట్యాంకులు రాత్రిపూట నిండే చోట ఈ లెక్క మోసం చేస్తుంది, అది తెలియక లేని లీకు కోసం రోడ్డు తవ్వేవాళ్లూ ఉన్నారు.) జోన్ తేలాక సౌండ్ వినే పరికరాలతో పైపు వెంట నడుస్తూ చోటు పట్టుకుంటారు. ప్రెషర్ తగ్గిస్తే లీకు కూడా తగ్గుతుంది కాబట్టి రాత్రిళ్లు ప్రెషర్ దించే వాల్వులు పెడతారు. ఇంజనీరింగ్ బుర్ర, ఓపిక రెండూ కావాల్సిన పని ఇది.

లీకు అంటే నీళ్లు బయటికి పోవడమే కాదు అండీ. రోజుకి ఒక గంట రెండు గంటలు వదిలే చోట సప్లై ఆగాక పైపులో ప్రెషర్ పడిపోతుంది, అప్పుడు అదే కంతలోంచి చుట్టుపక్కల మురికి లోపలికి లాక్కుంటుంది. ఇక్కడే మీవాడు భయపడే కెమిస్ట్రీ వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది ఏంటంటే నీళ్లలో క్లోరిన్ కలిపి కనీసం అరగంట ఉంచాక కూడా లీటరుకి 0.5 మిల్లీగ్రాములు మిగలాలి, చివరి కుళాయి దగ్గర 0.2కి తగ్గకూడదు. పీహెచ్, మురికి ఎంతుందో చూసే టర్బిడిటీ, క్లోరిన్... రోజూ తిరిగేవి ఎక్కువగా ఈ మూడు నాలుగే, ఆర్గానిక్ కెమిస్ట్రీ రియాక్షన్లు ఎవరూ అడగరు. అలాగని తేలిగ్గా తీసుకోకూడదు. అమెరికాలో ఫ్లింట్ అనే ఊళ్లో 2014లో నీళ్లు తెచ్చుకునే చోటు మార్చి నదికి వెళ్లారు, పైపులు తుప్పు పట్టకుండా కలపాల్సిన మందు కలపలేదు, పాత సీసం పైపుల్లోంచి సీసం ఇళ్లలోకి వచ్చేసింది.

ఇంకోటి చెప్తా, ఇది మార్కులకన్నా ముందు చూడాల్సింది. కెనడాలో వాకర్టన్ అని సుమారు 5 వేల మంది ఉండే చిన్న ఊరు. 2000 మే నెలలో గట్టి వానలు పడి పశువుల పేడ నీళ్లు ఒక బావిలోకి దిగాయి, ఈ-కోలై అనే బ్యాక్టీరియా నీళ్లలోకి వచ్చింది, ఏడుగురు చనిపోయారు, 2 వేల మందికి పైగా జబ్బుపడ్డారు. ఎంక్వైరీలో తేలింది ఏంటంటే అక్కడ నడిపేవాళ్లకి సరైన ట్రైనింగ్ లేదు, క్లోరిన్ చాలినంత వేయలేదు, రోజూ చూడాల్సిన రీడింగ్ చూడకుండానే లాగ్‌బుక్‌లో అంకెలు రాసేసేవాళ్లు. మీవాడు కాలేజీ ల్యాబ్ రికార్డులో రీడింగులు పక్కవాడివి చూసి రాసే రకమా, తప్పొచ్చినా వచ్చిందే రాసే రకమా? ఇంట్లో మీకు తెలుస్తుంది, నాకు తెలీదు. మొదటి రకమైతే వేరే ఫీల్డ్ చూసుకోమనండి, నిజంగా.

కష్టాలు దాచను. రాత్రి ఫోన్లు వస్తాయి, పండగ రోజు పైపు పగులుతుంది, నీళ్లు సరిగ్గా వచ్చిన రోజు ఎవరూ మెచ్చుకోరు, రాని రోజు అందరూ తిడతారు. ప్రభుత్వ సంస్థల్లో ప్రమోషన్ నిదానం. ప్రైవేటులో ప్లాంట్లు నడిపే కాంట్రాక్టు కంపెనీలు, కన్సల్టెన్సీలు, మీటర్లు సెన్సార్లు చేసేవాళ్లు, సొంత ప్లాంట్లున్న ఫ్యాక్టరీలు ఉంటాయి, అక్కడ అనుభవాన్ని బట్టి త్వరగా పైకి పోవచ్చు కానీ కాంట్రాక్టు అయిపోతే ఊరు మారాలి.

మీవాడి మనసు తేలాలంటే ఈ సెలవుల్లో పర్మిషన్ తీసుకుని ఏదైనా పంప్‌హౌస్‌లో ఓ వారం ఉండనివ్వండి, ఒక రాత్రి షిఫ్టు తప్పకుండా. అక్కడ పాత ఆపరేటర్ పక్కన కూర్చుని లాగ్‌బుక్ చదవమనండి, ఆ పంపు ఎన్ని యూనిట్లు తాగుతోందో లెక్కగట్టమనండి: వెయ్యి లీటర్లని 100 మీటర్లు ఎత్తడానికి సిద్ధాంతం ప్రకారం 0.27 యూనిట్ చాలు, ఎఫిషియెన్సీ 70 శాతమైతే 0.39 అవుద్ది, 50కి పడిపోతే 0.54. చాలా సంస్థల్లో కరెంటు బిల్లు పెద్ద ఖర్చుల్లో ఒకటి, కాబట్టి ఇది చెప్పగలిగిన కుర్రాడిని ఇంటర్వ్యూలో ఎవరూ తేలిగ్గా తీసుకోరు.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి ఈపీఏనెట్ వాడమనండి, పైపుల నెట్‌వర్క్‌లో నీళ్లు, ప్రెషర్ ఎలా ఉంటాయో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ అది. అమెరికా పర్యావరణ సంస్థ 1993లో తెచ్చింది, పూర్తిగా ఫ్రీ, ప్రపంచమంతా వాడుతున్నారు. ఊహించిన నెట్‌వర్క్ వద్దు, వాళ్ల కాలేజీ క్యాంపస్ ట్యాంకూ లైన్లూ చాలు, మోడల్ చేసి, ప్రెషర్ గేజ్ పట్టుకుని నాలుగైదు కుళాయిల దగ్గర నిజంగా కొలిచి, మోడల్ చెప్పినదానికీ గేజ్ చూపినదానికీ తేడా ఎందుకొచ్చిందో రాస్తే అదే అసలు ప్రాజెక్టు. సగం మూసి మర్చిపోయిన వాల్వు ఒకటి బయటపడే ఛాన్స్ బాగా ఉంది. దానికితోడు మ్యాపుల కోసం క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్, అదీ ఫ్రీయే.

ఇంక మీరు కట్టిన ఫీజు. కోర్సు క్యాన్సిల్ చెయ్యకండి. కంట్రోల్ రూముల్లో స్కాడా నుంచి, అంటే పంపులు, మీటర్లని దూరం నుంచి చూసే కంప్యూటర్ సిస్టమ్ నుంచి, ప్రతి పదిహేను నిమిషాలకో రీడింగ్ వచ్చి పడుతుంటుంది, చూసే దిక్కుండదు. ఆ కోర్సులో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష ఉంటే అది శ్రద్ధగా నేర్చుకోమనండి, ఒక జోన్ మీటరు డేటా సంపాదించి రాత్రి 2 నుంచి 4 రీడింగులు వేరుచేసి గ్రాఫ్ గీసే చిన్న ప్రోగ్రాం రాయమనండి. వెబ్‌సైట్లు చేసే మాడ్యూల్ ఉంటే మాత్రం, వాళ్లు ఒప్పుకుంటే, దాన్ని డేటా మాడ్యూల్‌కి మార్పించుకోండి.