టెక్ సందేహాలు: ఏసీకి ఏటా గ్యాస్ ఎందుకు నింపాల్సి వస్తోంది?

ప్రశ్న: స్ప్లిట్ ఏసీ బిగించి ఏడాది కాలేదు. చల్లదనం తగ్గిందని ఇప్పటికే రెండుసార్లు గ్యాస్ నింపించాం. ‘ఏటా కొంత తగ్గుతుంది, మామూలే’ అంటున్నారు. నిజమేనా?

నిజం కాదు. ఇదే ప్రశ్న మాటలు మార్చుకుని మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. అదే గ్యాస్ పైపుల్లో ఏళ్ల తరబడి తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది. బిగించి ఏడాది తిరగని ఏసీలో ముందు అనుమానించాల్సినవి నాలుగు నట్లు: ఇండోర్ యూనిట్ వెనక రెండు, ఔట్‌డోర్ వాల్వుల దగ్గర రెండు. లీకు పట్టుకోకుండా గ్యాస్ నింపడమంటే చిల్లుకుండలో నీళ్లు పోయడమే.

ఆ నట్టు విప్పి చూస్తే రాగి పైపు చివర చిన్న గరాటులా విచ్చుకుని ఉంటుంది. అదే ఫ్లేర్. అక్కడ వాషర్ ఉండదు. మెత్తటి రాగి ఇత్తడి ముఖానికి ఒత్తుకుని కూర్చోవడం వల్లే గ్యాస్ ఆగుతుంది. దాని మీద సన్నటి గీత పడినా, అంచు ఒకవైపు పొట్టిగా ఉన్నా నెలల తరబడి కారుతూనే ఉంటుంది. అందుకే పైపును హాక్సా బ్లేడుతో కోయనివ్వకండి. పైప్ కట్టరే వాడాలి. కోసినప్పుడు లోపలి అంచున మిగిలిన గరుకు ముక్కను (బర్రు) రీమర్ అనే గీకే పనిముట్టుతో తీసేటప్పుడు పైపు మూతి నేలవైపు ఉండాలి, లేకపోతే రాగి పొడి లోపలికి పోతుంది. ముందు నట్టు తొడిగి, తర్వాతే ఫ్లేర్ చేయాలి. క్లచ్ ఉన్న కొత్త ఫ్లేర్ టూల్‌లో పైపు చివర టూల్ పట్టు నుంచి 0.5 ఎం.ఎం. దాటి బయటికి ఉండకూడదు, పాత రకం టూల్‌లో 1 నుంచి 1.5 ఎం.ఎం. ఉండాలి.

బిగించడం ఇంకో గండం. చేతికొద్దీ తిప్పేస్తే ఫ్లేర్ పలచబడి చీలుతుంది, వదులుగా వదిలితే కారుతుంది. ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే టార్క్ రెంచ్ మీద పావు అంగుళం పైపుకు 14 నుంచి 18 న్యూటన్ మీటర్లు, మూడు బై ఎనిమిది అంగుళాలకు 34 నుంచి 42, అర అంగుళానికి 49 నుంచి 61. ఒక స్పానర్‌తో యూనియన్‌ను (నట్టు బిగిసే ఇత్తడి ముక్కను) పట్టుకుని, రెండోదాంతో నట్టు తిప్పాలి. లేకపోతే పైపే మెలిపడుతుంది.

తర్వాత ఔట్‌డోర్ వాల్వులు మూసే ఉంచి, పైపుల్లో పొడి నైట్రోజన్ ఎక్కించాలి. 5 బార్, 15 బార్ దగ్గర కాసేపు ఆగి, ఆపైన తయారీదారు చెప్పిన పీడనం దాకా వెళ్లి, సబ్బు నీళ్లతో నాలుగు నట్లూ చూడాలి. నైట్రోజన్ బదులు ఆక్సిజన్ సిలిండర్ తగిలిస్తే నూనెతో కలిసి పేలుతుంది. టెస్టు అయ్యాక వ్యాక్యూమ్ పంపు పెట్టి లోపలి పీడనాన్ని 500 మైక్రాన్ల లోపుకు దించి, పంపు ఆపాక గేజ్ (పీడనం చూపే మీటరు) ముల్లు పైకి పాకుతుందేమో చూడాలి. పాకుతోందంటే లీకో, తేమో ఉన్నట్టే. కొంచెం గ్యాస్ వదిలి గాలిని బయటికి నెట్టేసి ‘అయిపోయింది’ అనేవాళ్లను ఒప్పుకోకండి. లోపల మిగిలిన తేమ కంప్రెసర్ నూనెతో కలిసి ఆమ్లంగా మారుతుంది.

ఇక్కడ తయారీదారుల మీదా నాకు కోపముంది. యాప్‌లో నిద్ర మోడ్, కరెంటు లెక్క, అప్‌డేట్ మీద అప్‌డేట్ ఇస్తారు. ఇండోర్ యూనిట్ వెనక తోక పైపులు మాత్రం ఎంత పొట్టిగా ఇస్తారంటే, జాయింట్ సరిగ్గా గోడ రంధ్రంలో పడి రెండు స్పానర్లకు చోటుండదు. గ్యాస్ తగ్గితే కాయిల్ సెన్సర్ ఉష్ణోగ్రతలోనే తేడా తెలుస్తుంది. ఆ మాట యాప్‌లో సూటిగా చెప్పడానికి ఏం అడ్డం?

ప్రశ్న: పైపు రెండు మీటర్లు మిగిలింది. చుట్టి ఔట్‌డోర్ వెనక పెట్టారు. పర్లేదా?

నిలువుగా వేలాడే చుట్టలో నూనె చేరుతుంది, కాబట్టి అడ్డంగా పడుకోబెట్టాలి. కోసేయడం ఇంకా మంచిది, కాకపోతే మాన్యువల్‌లో చెప్పిన కనీస పొడవు, చాలా మోడళ్లలో 3 మీటర్లు, తగ్గకూడదు. రెండు పైపులకూ విడివిడిగా ఇన్సులేషన్ తొడగాలి. సన్న పైపు కూడా చల్లగానే ఉంటుంది, నీరు కారుతుంది.

ప్రశ్న: ఇల్లు మారుతున్నాం. వీడియో చూసి ఏసీ గ్యాస్ మేమే ఔట్‌డోర్‌లోకి లాగేసుకోవచ్చా?

వద్దు. నన్ను అన్నిటికంటే భయపెట్టే ప్రశ్న ఇదే. పంప్‌డౌన్ అంటే సన్న పైపు వాల్వు మూసి, కంప్రెసర్ నడిపి, గేజ్ సున్నా దగ్గరికి రాగానే లావు పైపు వాల్వు మూసి, వెంటనే స్విచ్ ఆపడం. వీడియోల్లో ఇంతే కనిపిస్తుంది. ఎక్కడైనా ఫ్లేర్ కారుతున్నా, తొందరపడి కంప్రెసర్ నడుస్తుండగానే పైపు విప్పినా, లోపలికి గాలి పోతుంది. గాలి, నూనె తుంపరలు కలిసి కంప్రెసర్‌లో నలిగితే డీజిల్ ఇంజన్‌లోలాగే మండి, ఆ ఇనుప డబ్బా బాంబులా పగులుతుంది. గేజ్ లేకుండా ‘రెండు నిమిషాలు నడిపితే చాలు’ అని లెక్కగట్టేవాళ్లు ఈ ప్రమాదానికే దగ్గరవుతున్నారు. పైగా ఏసీల్లో వాడే ఆర్ 32 కూడా మంట అంటుకునే గ్యాసే. మెకానిక్ గేజ్ తగిలించకుండా కంప్రెసర్ ఆన్ చేయమంటే, చేయకండి. లీకు ఉందని తెలిసిన ఏసీకైతే పంప్‌డౌన్ అసలు వద్దు. గ్యాస్‌ను రికవరీ యంత్రంతో సిలిండర్‌లోకి తీయించండి.